సంయుక్త సరకు రవాణా - దేశీయ, అంతర్జాతీయ వాణిజ్యాలపై దాని ప్రభావం: హైదరాబాదు కేంద్రంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక సరకు బయలుదేరిన చోటు నుంచి చేరవలసిన చోటి వరకు లారీ, రైలు, ఓడ, విమానం వంటి సాధనాలలో రెండింటిని గాని, అంతకు మించి గాని మారుతూ, ఒకే ఏర్పాటు కింద ప్రయాణించడం సంయుక్త సరకు రవాణా. సముద్రతీరం లేని తెలంగాణకు, ముఖ్యంగా హైదరాబాదుకు, ఈ పద్ధతి వాణిజ్యపరంగా చేసిన మేలేమిటో, చేయలేకపోతున్నదేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది. రవాణా వ్యయాన్ని, వ్యాపారి నష్టభయాన్ని నిర్ణయించడంలో దారి పొడవు కంటే వాహనం మారే చోట జరిగే పనికే ప్రాధాన్యం ఎక్కువని చారిత్రక, సమకాలీన ఉదాహరణలతో చూపడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: సంయుక్త రవాణా, కంటైనరు, సనత్‌నగర్ డిపో, మోటుపల్లి శాసనం, మచిలీపట్నం, గుంటూరు మిర్చి, రవాణాదారు బాధ్యత.

1. విషయ ప్రవేశం

నల్లగండ్ల, గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతాల నుంచి విదేశాలకు వెళ్లే ఎగుమతి అనగానే స్ఫురించేది సాఫ్ట్‌వేర్. దానికి పెట్టె అక్కరలేదు, ఓడ అక్కరలేదు, తనిఖీ కోసం లారీలు బారులు తీరనక్కరలేదు. అయితే నల్లగండ్లకు చేరువలోని లింగంపల్లి స్టేషను మీదుగా మరొక రకం ఎగుమతి కూడా సాగుతూ ఉంటుంది. సనత్‌నగర్‌లోని కంటైనర్ డిపో నుంచి పడమటికి బయలుదేరే గూడ్సు రైళ్లు ఈ మార్గంలోనే వికారాబాదు, వాడి, షోలాపూర్, పుణెల మీదుగా ముంబయి సమీపంలోని నవాశేవా రేవుకు చేరుకుంటాయి. తెలంగాణలో తయారైన మందులు గాని, నిజామాబాదు పసుపు గాని, కరీంనగర్ గ్రానైటు గాని ఓడ ఎక్కాలంటే మరొక రాష్ట్రపు తీరానికి పోక తప్పదు. అందువల్ల ఈ ప్రాంతపు విదేశీ వాణిజ్యంలో ఓడ ఎక్కే సరకంతా ఏదో ఒక రూపంలో సంయుక్త రవాణాయే.

ఈ భావనకు రెండు నిర్వచనాలు ప్రచారంలో ఉన్నాయి. 1980లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో జెనీవాలో రూపొందిన ఒడంబడిక ప్రకారం కనీసం రెండు రవాణా సాధనాలు, వాటన్నిటికీ కలిపి ఒకే ఒప్పందం ఉండాలి. తగినన్ని దేశాలు చేరకపోవడంతో ఆ ఒడంబడిక అమలులోకి రాలేదు గాని, దాని నిర్వచనం మాత్రం నిలిచింది. ఐరోపాలో వాడుకలో ఉన్న నిర్వచనం వేరు. ప్రయాణంలో అధికభాగం రైలు మీద గాని, నీటి మీద గాని సాగాలి. మొదట, చివర లారీ నడిచే దూరం వీలైనంత తక్కువగా ఉండాలి. మొదటిది బాధ్యత గురించిన నిర్వచనం, రెండవది వ్యయం గురించినది. తెలుగులో ఈ రెండింటికీ స్థిరపడిన వేర్వేరు పదాలు లేవు. ఈ వ్యాసంలో ‘సంయుక్త రవాణా’ అన్న పదం రెండర్థాలనూ కలుపుకొనే వాడబడింది. సరకు ఒక వాహనం నుంచి మరొక వాహనానికి మారే చోటును ‘సంధి’ అని వ్యవహరించడమైనది. వ్యాకరణ పరిభాషతో దీనికి సంబంధం లేదు. రెండు కలిసే చోటు అన్న వాచ్యార్థమే ఇక్కడ గ్రాహ్యం.

2. తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి

సంధి దగ్గర వ్యాపారికి కలిగే భయాన్ని తెలుగు నేల మీద గుర్తించిన అతి ముఖ్యమైన లిఖిత సాక్ష్యం మోటుపల్లి అభయశాసనం. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో దీనిని వేయించాడు. గాలివానకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకు వచ్చిన ఓడలలోని సరకును పూర్వరాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారనీ, ఇకమీదట నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ ఇందులో ప్రకటించాడు. ఆ సుంకం ఎగుమతి, దిగుమతులపై ముప్పదింట ఒక వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు వంటి సరకులకు విడిగా రేట్లు పేర్కొన్నాడు. చరిత్రకారులు దీనిని రాజు ఉదారతకు నిదర్శనంగా చూపుతారు. వాణిజ్య దృష్టితో చూసినప్పుడు ఇందులో మరొక అంశం కనిపిస్తుంది. గణపతిదేవుడు ఇక్కడ ప్రకటించినది ఒక కొత్త దారిని గాని, కొత్త ఓడను గాని కాదు. సముద్రం, నేల కలిసే చోట ఎంత చెల్లించాలో, ఏది పోదో ముందుగానే తెలిసేటట్లు చేశాడు.

కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు మచిలీపట్నం. ఆంగ్లేయులు 1611లో అక్కడ వర్తకం ప్రారంభించారు. దక్కను పీఠభూమికీ ఆ తీరానికీ మధ్య సరకును మోసినవి ప్రధానంగా పెరికెద్దులు, బండ్లు. ఎద్దు వీపున రెండువైపులా వేలాడే గోనెసంచికే పెరిక అని పేరు. బంజారాల ఎద్దుల బిడారులు ఉప్పును లోతట్టు ప్రాంతాలకూ, ధాన్యాన్ని సైన్యాలకూ చేర్చేవి. మచిలీపట్నం తీరంలో నీటి లోతు చాలనందున పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి. ఎద్దు మీది నుంచి గోదాముకు, గోదాము నుంచి పడవకు, పడవ నుంచి ఓడకు సరకు చేతులు మారేది. ప్రతి మార్పులోనూ మూట విప్పి కట్టడం, తూకం, కూలి, కొంత నష్టం తప్పేవి కావు.

1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన మచిలీపట్నాన్ని ముంచెత్తి సుమారు 30 వేల మందిని బలిగొన్నది. పదేళ్లకు, 1874లో, సికింద్రాబాదు - వాడి రైలుమార్గం ప్రారంభమైంది. బొంబాయి నుంచి రాయచూరు వైపు సాగే మార్గంతో అది వాడి దగ్గర కలిసింది. రెండూ బ్రాడ్‌గేజి మార్గాలే కావడంతో వాడిలో సరకు దించి ఎక్కించవలసిన పని లేకపోయింది. బెజవాడ వైపు మార్గం పూర్తికావడానికి 1889 వరకు ఆగవలసి వచ్చింది. ఆ పదిహేనేళ్లలో హైదరాబాదు వాణిజ్యం ముఖం పడమటికి తిప్పుకొన్నది. దూరం లెక్కన హైదరాబాదుకు మచిలీపట్నం సుమారు 350 కిలోమీటర్లు, ముంబయి సుమారు 700 కిలోమీటర్లు. రెట్టింపు దూరంలోని రేవును ఎంచుకోవడం వింతగా తోచవచ్చు గాని, అడ్డంకి లేని దారి విలువ అటువంటిది. దీనికి ఎదురుదృష్టాంతం కూడా నిజాం రాజ్యంలోనే ఉన్నది. 1900 ప్రాంతంలో సికింద్రాబాదు నుంచి నిజామాబాదు మీదుగా మన్మాడుకు వేసినది మీటరుగేజి మార్గం. ఆ మార్గాన బొంబాయికి పోయే ప్రతి బస్తానూ మన్మాడులో దించి మరొక రైలులో ఎక్కించవలసి వచ్చేది.

3. పెట్టె వచ్చిన తరువాత

ఈ దించి ఎక్కించే పనిని అర్థవంతంగా తగ్గించినది కంటైనరు. 1956 ఏప్రిల్ 26న అమెరికాలోని నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ 58 కంటైనర్లతో బయలుదేరింది. ఈ ప్రయోగం చేసిన మాల్కం మెక్లీన్ ఓడల రంగంలోకి లారీల వ్యాపారం నుంచి వచ్చినవాడు. విడి సరకును ఓడకెక్కించడానికి టన్నుకు 5.83 డాలర్లు అయ్యే రోజులలో కంటైనరుతో ఆ ఖర్చు 16 సెంట్లకు దిగిందని ప్రసిద్ధమైన లెక్క. ఓడ వేగం పెరగలేదు, సముద్రం తరగలేదు. తగ్గినదంతా సంధి దగ్గరి ఖర్చే.

భారతదేశంలో రైల్వేశాఖ కింద కంటైనర్ కార్పొరేషన్ 1988లో ఏర్పడి, 1989 నవంబరులో కార్యకలాపాలు ప్రారంభించింది. సనత్‌నగర్ డిపో దాని అధీనంలోనిది. నగరానికి దక్షిణాన తిమ్మాపూర్‌లో మరొక డిపో ఉన్నది. ఇటువంటి లోతట్టు డిపోను కేవలం రైలెక్కించే చోటుగా భావించరాదు. కస్టమ్స్ అధికారులు అక్కడే పత్రాలు పరిశీలించి, సరకును తనిఖీ చేసి, ఎగుమతికి అనుమతిస్తారు. కంటైనరుకు అక్కడే సీలు పడుతుంది. రేవులో మామూలుగా సీలు చెక్కుచెదరకుండా ఉన్నదీ లేనిదీ చూస్తారు. చట్టరీత్యా చూస్తే రేవే సనత్‌నగర్‌కు నడిచి వచ్చింది. ఓడల కంపెనీ డిపో నుంచే గమ్యం వరకు వర్తించే రవాణా పత్రం ఇచ్చినప్పుడు, లెటర్ ఆఫ్ క్రెడిట్ షరతులు అందుకు అనుకూలిస్తే, వ్యాపారి ఆ పత్రాన్ని బ్యాంకులో చూపి సొమ్ము త్వరగా పొందగలడు. పెట్టుబడి తక్కువగా ఉన్న ఎగుమతిదారుకు ఈ కొద్ది రోజుల తేడాయే లాభనష్టాలను నిర్ణయిస్తుంది.

అయితే రైలు ఎప్పుడు చౌక? ఇది ఒక చిన్న లెక్కతో స్పష్టమవుతుంది. కింది అంకెలు వివరణ కోసం ఊహించినవే గాని, ఏ సంస్థ రేట్లూ కావు. ఒక కంటైనరుకు లారీ ఖర్చు కిలోమీటరుకు 40 రూపాయలు, రైలు ఖర్చు 20 రూపాయలు అనుకొందాం. రైలు వాడినప్పుడు ఫ్యాక్టరీ నుంచి డిపోకు లారీ, డిపోలోనూ రేవులోనూ క్రేనులతో ఎత్తడం దించడం, యార్డులో నిలువ - వీటన్నిటికీ కలిపి 8,000 రూపాయలు. 700 కిలోమీటర్లకు లారీ ఖర్చు 28,000 అయితే, రైలుకు 14,000, సంధులకు 8,000 కలిపి 22,000. రైలు గెలిచింది. అదే 350 కిలోమీటర్లకు లారీకి 14,000, రైలు మార్గానికి 15,000. లారీ గెలిచింది. రెండూ సమానమయ్యే దూరం 400 కిలోమీటర్లు. రైలు రేటును ముట్టుకోకుండా సంధుల ఖర్చును 5,000కు దించితే ఆ దూరం 250 కిలోమీటర్లకు తగ్గుతుంది.

లెక్కలోకి రాని ఖర్చులు రెండున్నాయి. మొదటిది నిరీక్షణ. లారీ నిండగానే కదులుతుంది. సాధారణంగా ఒక కంటైనర్ రైలుకు 45 వ్యాగన్లు, వాటిపై 20 అడుగుల పెట్టెలు 90 పడతాయి. అన్ని పెట్టెలు పోగయ్యే వరకు మొదట వచ్చిన పెట్టె ఎదురుచూడాలి. రెండవది ఖాళీ పెట్టె. గ్రానైటు, బియ్యం వంటి బరువైన సరకులకు 20 అడుగుల పెట్టె సరిపోతుంది. తేలికగా ఉండి చోటు ఎక్కువ ఆక్రమించే ఎలక్ట్రానిక్ వస్తువులు 40 అడుగుల పెట్టెలలో దిగుమతి అవుతాయి. అందువల్ల వచ్చిన పెట్టెల సంఖ్య, పోవలసిన పెట్టెల సంఖ్య సమానంగా ఉన్నా, కావలసిన రకం దొరకకపోవచ్చు. అప్పుడు ఖాళీ పెట్టెను రేవు నుంచి రప్పించవలసి వస్తుంది. ఆ ఖర్చు చివరకు సరకు ధరలోనే చేరుతుంది.

4. దేశీయ వాణిజ్యం: గుంటూరు మిర్చి చెప్పే సంగతి

దేశంలోపలి రవాణాలో సంధి అంటే వాహనం మారే చోటు మాత్రమే కాదు, రాష్ట్రాల సరిహద్దు కూడా. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోకి రాకముందు వాణిజ్య పన్నుల చెక్‌పోస్టుల దగ్గర లారీలు గంటల తరబడి నిలిచేవి. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత హైదరాబాదు - విజయవాడ దారిలోనూ ఈ సరిహద్దు ఏర్పడింది. రాష్ట్రం దాటితే కేంద్ర అమ్మకం పన్ను పడుతుందన్న కారణంతో కంపెనీలు రాష్ట్రానికొక గోదాము నిర్వహించేవి. జి.ఎస్.టి.తో ఆ అవసరం తీరిపోయి, పెద్ద గోదాములు కొన్ని కూడళ్ల దగ్గర కేంద్రీకృతం కావడానికి వీలు కలిగింది. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్ రింగురోడ్డు వెంబడి బాటసింగారం, మంగల్‌పల్లి లాజిస్టిక్స్ పార్కులు ఈ నేపథ్యంలో చూడదగినవి. సరకు ఒకచోట పోగైనప్పుడే రైలుకు నిండుదనం వస్తుంది కనుక, పన్ను సంస్కరణ రవాణా సంస్కరణగా కూడా పనిచేసింది.

కొద్దిపాటి సరకు గలవారి విషయంలో రైలు ఎందుకు పనికిరాకుండా పోతుందో, ఎప్పుడు పనికివస్తుందో తెలిపే ఉదాహరణ 2020 జూలైలో లభించింది. గుంటూరు ప్రాంతం నుంచి బంగ్లాదేశ్‌కు ఎండుమిర్చి లారీలలో పోయేది. కరోనా ఆంక్షలతో ఆ దారి మూతపడింది. గూడ్సు రైలులో పంపాలంటే ఒక్కో విడతకు కనీసం 1,500 టన్నులు పోగుచేయాలి. రైతులకు, చిన్న వ్యాపారులకు అది సాధ్యం కాదు. దక్షిణ మధ్య రైల్వే గరిష్ఠంగా 500 టన్నుల వరకు తీసుకుపోగల ప్రత్యేక పార్సిల్ రైలును ఏర్పాటు చేసింది. గుంటూరు సమీపంలోని రెడ్డిపాలెం నుంచి 16 పార్సిల్ వ్యాన్లతో 384 టన్నుల మిర్చి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్ చేరింది. దేశ సరిహద్దు దాటిన మొదటి పార్సిల్ రైలు అదే. రైల్వే వెల్లడించిన లెక్క ప్రకారం రోడ్డు మీద టన్నుకు సుమారు 7,000 రూపాయలు కాగా, ఈ రైలులో 4,608 రూపాయలు. టన్నుకు 2,392 రూపాయల ఆదా, అంటే మూడింట ఒక వంతుకు పైగా.

ఇందులో గమనించవలసినది ఆదా ఒక్కటే కాదు. రైలు, పట్టాలు, మిర్చి, కొనుగోలుదారు - ఇవన్నీ అంతకుముందూ ఉన్నాయి. మారినది కనీస పరిమాణపు నిబంధన. 1,500 టన్నుల గడప 500 టన్నులలోపుకు దిగగానే రోడ్డు మీది వాణిజ్యం రైలెక్కింది. అదే సంవత్సరం మార్చిలో రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల ట్యాంకర్ల రైలు, సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి పండ్లతో కిసాన్ రైలు బయలుదేరడం కూడా ఈ కోవలోనివే. దేశపు రవాణా వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో 13-14 శాతమని చాలాకాలం వల్లించబడింది. 2021-22 సంవత్సరానికి జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి వేసిన అంచనా 7.8 నుంచి 8.9 శాతం. సగటు ఎంతైనా, గుంటూరు మిర్చి వ్యాపారికి కావలసినది తన 20 టన్నులను ఎవరు తీసుకుపోతారన్న ప్రశ్నకు సమాధానం.

5. అంతర్జాతీయ వాణిజ్యం: ఓడ ఎక్కడ ఆగుతుంది

హైదరాబాదు నుంచి విశాఖపట్నం, చెన్నై రెండూ 600 కిలోమీటర్లకు కొంచెం పైన ఉన్నాయి. విశాఖలో 2003 నుంచి కంటైనర్ టెర్మినల్ పనిచేస్తున్నది. అయినా ఐరోపా, అమెరికాలకు పోయే సరకు నవాశేవా వైపు మొగ్గడానికి కారణం పెద్ద ఓడలు అక్కడ నేరుగా ఆగడం. తూర్పు తీరపు రేవుల నుంచి బయలుదేరే కంటైనర్లలో చాలావాటిని చిన్న ఓడలు కొలంబోకో, సింగపూర్‌కో చేర్చగా, అక్కడ పెద్ద ఓడలకు మార్చవలసి ఉంటుంది. భారతదేశపు కంటైనర్లలో ఇలా ఓడ మారేవాటిలో సుమారు 75 శాతం విదేశీ రేవులలోనే మారుతున్నాయని ప్రభుత్వ లెక్క. సముద్రం మీద కూడా సంధి ఉన్నది, దాని అద్దె మరొక దేశానికి పోతున్నది. 2025 మే నెలలో కేరళలోని విళింజం రేవును జాతికి అంకితం చేయడం వెనుక ఉన్న ప్రధాన ప్రయోజనం ఇదే.

వేళకు చేరవలసిన సరకుకు ఈ సంధులు మరీ కీలకం. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో ఓడలపై దాడులు జరగడంతో కంపెనీలు ఆఫ్రికా దక్షిణకొనను చుట్టి పోసాగాయి. ఐరోపా ప్రయాణం సుమారు రెండు వారాలు పెరిగింది. ఒక ఓడ ఆలస్యమైతే దాని పెట్టెలు ఆలస్యంగా తిరిగివస్తాయి. ఆ పెట్టెల కోసం సనత్‌నగర్‌లో ఎదురుచూసే ఎగుమతిదారు సరకు గోదాములోనే ఉండిపోతుంది. శంషాబాదు విమానాశ్రయపు సరకు టెర్మినల్‌లో మందుల కోసం చల్లని ఉష్ణోగ్రత నిలిపే ప్రత్యేక విభాగం ఉండటం హైదరాబాదుకు కలిసివచ్చిన అంశం. 2021 జనవరిలో జీనోమ్ వ్యాలీ నుంచి కోవాక్సిన్ టీకాలు లారీలలో శంషాబాదుకు, అక్కడి నుంచి విమానాలలో ఇతర నగరాలకు చేరాయి. టీకా విషయంలో లారీకీ విమానానికీ మధ్య ఎండలో గడిచే అరగంట కూడా ప్రమాదమే. కనుక అక్కడి సంధిని గోడలు కట్టి, చల్లబరిచి కాపాడవలసి వచ్చింది.

6. సరకు పాడైతే బాధ్యత ఎవరిది

సీలు వేసిన పెట్టె గమ్యంలో తెరిచినప్పుడు లోపలి సరకు తడిసి ఉంటే, అది లారీలో తడిసిందా, యార్డులోనా, ఓడలోనా అన్నది తేల్చడం కష్టం. రైలుకు 1989 నాటి రైల్వే చట్టం, లారీకి 2007 నాటి చట్టం వర్తిస్తాయి. సముద్ర రవాణాకు 1925 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం చేశారు. ఒక్కొక్కదానిలో పరిహారపు పరిమితి వేరు, గడువు వేరు. ఈ చిక్కును తీర్చడానికి 1993లో బహుళవిధ సరకు రవాణా చట్టం వచ్చింది. మొత్తం ప్రయాణానికి ఒకే నిర్వాహకుడు బాధ్యుడు. నష్టం ఏ దశలో జరిగిందో తెలియకపోతే కిలోకు 2 గాని, ప్యాకేజీకి 666.67 గాని, ఏది ఎక్కువైతే అన్ని ప్రత్యేక ఉపసంహరణ హక్కులు - అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కింపు ప్రమాణం - పరిహారంగా చెల్లించాలి. ప్రయాణంలో నీటి మార్గం లేకపోతే కిలోకు 8.33. నష్టం జరిగిన దశ తెలిస్తే ఆ దశకు చెందిన చట్టమే వర్తిస్తుంది.

ఈ చట్టంలో ఒక పెద్ద ఖాళీ ఉన్నది. భారతదేశంలో స్వీకరించి విదేశంలో అప్పగించే సరకుకే ఇది వర్తిస్తుంది. నిజామాబాదు నుంచి గువాహటికి లారీ, రైలు, మళ్లీ లారీ మారుతూ పోయే పసుపుకు దీని రక్షణ లేదు. షాంఘై నుంచి సనత్‌నగర్‌కు వచ్చే మందుల ముడిసరకుకూ లేదు. దేశీయ వ్యాపారి తన సరకును లారీ మీదనే మొదటి నుంచి చివరి వరకు పంపడానికి మొగ్గు చూపడంలో ఖర్చుతో పాటు ఈ కారణమూ ఉన్నది. నష్టం వస్తే అడగడానికి ఒక్క మనిషి ఉంటాడు. పంపేవాడికి తెలిసిన భాషలో, అతని మండీలోనే దొరుకుతాడు. రవాణా పత్రాల వెనుక చిన్న అక్షరాలతో ఆంగ్లంలో ముద్రించిన షరతులను చదివి సంతకం చేసే చిన్న వ్యాపారులు అరుదు. ఈ పరిభాషను తెలుగులోకి తేవడం భాషాశాఖలు చేపట్టదగిన పని.

7. మళ్లీ బందరు

2023 మే నెలలో మచిలీపట్నం కొత్త రేవు పనులు ప్రారంభమయ్యాయి. హైదరాబాదు నుంచి అక్కడికి నేరుగా కొత్త రహదారి, తెలంగాణలో ఒక డ్రైపోర్టు నిర్మించాలన్న ప్రతిపాదనలు ఉన్నాయి. దగ్గరి రేవు వస్తే ఖర్చు తగ్గుతుందన్నది సాధారణంగా వినిపించే వాదం. పై మూడవ భాగంలోని లెక్కను దీనికి అన్వయిస్తే మరొక ఫలితం కూడా కనిపిస్తుంది. 350 కిలోమీటర్లు రైలుకు అనుకూలించే దూరం కాదు. కొత్త రేవు నవాశేవాకు రైలులో పోయే పెట్టెలను విజయవాడ రహదారి మీది లారీలలోకి మార్చే అవకాశమే ఎక్కువ. అప్పుడు బందరుకు సరకు పెరుగుతుంది గాని, సంయుక్త రవాణా తగ్గుతుంది. ఆ లారీల రద్దీ, ఇంధనం, రోడ్డు నిర్వహణల భారం ప్రజల మీద పడుతుంది. ఖరగ్‌పూర్ - విజయవాడ, విజయవాడ - నాగపూర్ - ఇటార్సీ సరకు రైలు కారిడార్లు ఇంకా ప్రతిపాదన దశలోనే ఉన్నందున రైలు వైపు బలం తక్షణం పెరిగే సూచన లేదు.

బందరులో పెద్ద ఓడలు నేరుగా ఆగకపోతే ఈ లెక్క ఇంకా క్లిష్టమవుతుంది. 350 కిలోమీటర్ల దూరం మిగిలినా, కొలంబోలో ఒక సంధి అదనంగా చేరుతుంది. డ్రైపోర్టును ఎక్కడ కట్టాలన్న చర్చ ఎక్కువగా భూమి గురించే సాగుతున్నది. అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. అక్కడ కస్టమ్స్ అనుమతి ఎన్ని గంటలలో లభిస్తుంది? రైలు నిండినా నిండకపోయినా నిర్ణీత వేళకు కదులుతుందా? ఒకటి రెండు టన్నులు మాత్రమే ఉన్న వ్యాపారి సరకును మరికొందరి సరకుతో కలిపి ఒక పెట్టెలో నింపే ఏర్పాటు ఉంటుందా? 40 అడుగుల పెట్టెలు ఖాళీ అయిన చోటనే 20 అడుగుల పెట్టెలు దొరుకుతాయా? సంధుల ఖర్చు 8,000 దగ్గరే ఉంటే బందరు సరకు లారీ మీదనే పోతుంది. అది 7,000కు దిగినప్పుడు 350 కిలోమీటర్ల దగ్గర లారీ, రైలు సమానమవుతాయి. అంతకంటే తగ్గే ప్రతి రూపాయీ సరకును పట్టాల వైపు జరుపుతుంది.